చదివి వినిపించందే బటన్ నొక్కదు

సైదున్నీసా ఆపా పక్కన పనిచేయడం ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే, ఓపిక లేనివాళ్ళు ఆ గది వైపు పోవద్దని చెబుతాను. నాకు ఓపిక లేదు. చాముండేశ్వరి అని ఏ వేళ పేరు పెట్టారో గానీ, పేరుతోపాటే కోపమూ వచ్చింది. అయినా ఏళ్ళ తరబడి ఆ గదిలోనే ఉన్నాను. వేరే సెక్షన్‌కి మారుస్తామంటే నేనే వద్దన్నాను. ఎందుకన్నావని మా ఇంట్లో ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు. వాళ్ళకు ఒక్క మాటలో చెప్పలేక ఇదంతా రాస్తున్నాను.

మాది దుబాయ్‌లో ఒక యూనివర్సిటీలో రీసెర్చ్ ఆఫీసు. ప్రొఫెసర్లు తమ పరిశోధన కోసం ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లకు దరఖాస్తులు పెడుతుంటారు. కాగితాల కాలం పోయింది, అంతా పోర్టల్‌లోనే. రాసుకునేదీ, జతచేసేదీ ప్రొఫెసరే. కానీ దాన్ని పంపే హక్కు మాత్రం ఆయనకు లేదు. ఎంత పెద్ద డాక్టరేట్ ఉన్నా సరే, ‘సబ్మిట్’ అన్న బటన్ ఆయన స్క్రీన్ మీద కనబడనే కనబడదు. అది యూనివర్సిటీ తరఫున మా ఆఫీసుకే కనబడుతుంది. మా ఆఫీసులో ఆపాకు కనబడుతుంది, ఆపా అంటే ఉర్దూలో అక్క. నేను బడ్జెట్ చూసి సరిచేసి ఆవిడ వైపు తోస్తాను. ఆవిడ నొక్కాలి.

నొక్కితే కదా! ముందు దరఖాస్తు పెట్టిన మనిషిని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుంటుంది. కళ్ళజోడు తుడుచుకుంటుంది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా పైకి చదువుతుంది. వాక్యం కాగానే ఆగుతుంది. అవతలి మనిషి “అవును” అనాలి. తల ఊపితే చెల్లదు. “ఊఁ” అంటే చెల్లదు. అరబ్బులకు అరబ్బీలో, ఉత్తరాది వాళ్ళకు హిందీలో, మన వాళ్ళు దొరికితే చక్కటి నెల్లూరు తెలుగులో అర్థం చెప్పి మరీ “అవునా, కాదా?” అని అడుగుతుంది. దరఖాస్తు అంతా చదవాలంటే సగం పూట పడుతుంది. బయట కుర్చీల్లో ఇంకొందరు గోళ్ళు గిల్లుకుంటూ ఉంటారు. వాళ్ళు నా ముఖం చూస్తారు, నేను ఆపా ముఖం చూస్తాను, ఆపా ఎవరి ముఖమూ చూడదు.

ఒకసారి ఓ పెద్దాయన, ఇంజినీరింగ్ డిపార్టుమెంటు హెడ్డు, విసుక్కున్నాడు. “నేను రాసిందే కదమ్మా, మళ్ళీ నాకే వినిపించడం ఎందుకు?” అన్నాడు.

“నువ్వు రాసినావని నాకు తెలుసు సార్. నువ్వు చదివినావో లేదో నాకు తెలవదు” అంది ఆపా, నవ్వుతూనే. ఆయన కూడా నవ్వేసి కుర్చీ లాక్కున్నాడు. ఆపా మాటల్లో పుల్ల విరుపు ఉండదు, అందుకే చెల్లుతుంది. అదే మాట నేనని ఉంటే కంప్లైంట్ వెళ్ళేది.

నన్నూ వదిలేది కాదు. “ఏం మే చాముండీ, ఈ ప్రయాణ ఖర్చు అంకె నువ్వేసిందేనా?”

“చూశాను కదా ఆపా!”

“అవునా, కాదా?”

“కింద నా పేరు కనబడట్లేదా? పంపెయ్యండి!”

నేనెప్పుడూ “అవును” అన్న పాపాన పోలేదు. అదో పంతం. “నీ నోట ఆ ఒక్క మాట వినే రోజు నేను ఊరంతా బిర్యానీ పంచుతా” అనేది ఆపా. అని, తను తెచ్చిన చేపల పులుసు నా ప్లేటులో వేసేది. ఆ పులుసు అమీర్ జాన్ భాయ్ చేతి వంట. ఆయన ఆపా భర్త. దుబాయ్‌లోనే సత్వా పేటలో ఇప్పటికీ కుట్టుమిషన్ తొక్కుతూనే ఉన్నాడు.

ఆపాది నెల్లూరు కోటమిట్ట. పెళ్ళయి దేశం దాటి వచ్చింది దుబాయ్‌కి కాదు, కల్బాకి. అటు తూర్పున, కొండలు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఊరు. అమీర్ జాన్ భాయ్ అక్కడ ఓ దుకాణంలో అరబ్బులు తొడిగే తెల్లటి కందూరాలు కుట్టేవాడు. దుకాణం వెనకే కాపురం. బట్టలు ఇవ్వడానికొచ్చే ఆడవాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ ఆపాకు అరబ్బీ నాలుక మీదికొచ్చేసింది. చదవడం రాయడం అంతకుముందే మదరసాలో నేర్చింది. తర్వాత సత్వాకు మారారు. అక్కడ ఆవిడ ఒక టైపింగ్ సెంటర్‌లో చేరింది. వీసా దరఖాస్తులైనా, లీవు కాగితాలైనా, జనం చెబుతుంటే అరబ్బీలో కొట్టి పంపే దుకాణాలవి.

ఆ చదివి వినిపించే జబ్బు అక్కడ పట్టుకుంది. ఒకరోజు పక్క కుర్చీలో ఉన్న టైపిస్టు దగ్గరికి ఓ కూలీ వచ్చాడట. వెంట కంపెనీ గుమాస్తా. ఊరికి పోవడానికి లీవు కాగితం అన్నారు. గుమాస్తా చెప్పాడు, టైపిస్టు కొట్టాడు, కూలీ వేలిముద్ర వేసి, అందరికీ సలాం కొట్టి వెళ్ళిపోయాడు. తీరా విమానాశ్రయంలో తెలిసింది, అది లీవు కాదు, వీసా రద్దు చేసుకుంటున్నానని అతనే రాసిచ్చిన కాగితం అని. ఆపా ఈ సంగతి చెప్పేటప్పుడు కూలీ పేరు చెప్పదు, గుమాస్తాను తిట్టదు. “ఒక్కసారి పైకి చదివుంటే అయిపొయ్యేది మే. ఒక్కసారి” అంటుంది, అంతే. మర్నాటి నుంచి తన కుర్చీ ముందు ఎవరు కూర్చున్నా చదివి వినిపించాకే పంపడం మొదలుపెట్టింది. యజమాని మొదట గొణిగాడు. తర్వాత జనం ఆ కుర్చీ ముందే వరస కట్టడం చూసి నోరు మూసుకున్నాడు.

ఆ టైపింగ్ సెంటర్ నుంచి మా యూనివర్సిటీకి ఎలా వచ్చిందంటే, అదీ చదువే. దూరవిద్యలో డిగ్రీ చేసింది, అనువాదం పరీక్ష రాసింది, టైపిస్టుగా చేరింది, ఒక్కో మెట్టే ఎక్కింది. కుర్చీ మారింది, జబ్బు మారలేదు.

ఇప్పుడు భార్గవ్ సంగతి. 2022. ఆ సంవత్సరమే ఇక్కడ వారం తలకిందులైంది. అంతకుముందు శుక్ర, శనివారాలు సెలవు. కొత్త ఏడాది నుంచి ఫెడరల్ ఆఫీసులకు శని, ఆదివారాలు సెలవు, శుక్రవారం మధ్యాహ్నం దాకా పని అన్నారు. నెలలు గడిచినా జనం తికమక పడుతూనే ఉన్నారు. మా ఆయన ఓ శుక్రవారం లుంగీలో పేపరు చదువుకుంటూ కూర్చుంటే ఆఫీసు నుంచి ఫోనొచ్చింది.

భార్గవ్ మా పబ్లిక్ హెల్త్ విభాగంలో కుర్ర అసిస్టెంట్ ప్రొఫెసర్. జగిత్యాల వాడు. ఎండలో పనిచేసే మనుషుల కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో తేల్చాలన్నది అతని పరిశోధన. వాళ్ళ వాడకట్టులోనే గల్ఫ్ నుంచి కిడ్నీలు పోగొట్టుకుని తిరిగొచ్చిన వాళ్ళున్నారట. కల్బాలో ఓ చారిటీ క్లినిక్ ఉంది. అక్కడికి వచ్చేదంతా కట్టడం పనివాళ్ళూ, దుకాణాల పనివాళ్ళే. అప్పట్లో అక్కడ పనిచేసిన డాక్టరుతో మాట్లాడుకుని, ఆ క్లినిక్‌ని భాగస్వామిగా పెట్టుకుని ఫెడరల్ గ్రాంటుకు దరఖాస్తు తయారుచేశాడు. ఈ విడత గ్రాంటు రాకపోతే ఆగస్టులో అతని కాంట్రాక్టు ఖలాస్. డీన్ ముఖం మీదే చెప్పేశాడు. అతను పోతే ఆ పరిశోధన పట్టించుకునే వాళ్ళు ఇంకెవరూ లేరు. పోర్టల్ మూసేది శుక్రవారం మధ్యాహ్నం.

గురువారం పొద్దున ఆపా ముందు కూర్చున్నాడు. పాపం, బుద్ధిమంతుడు. వాక్యానికో “అవును” చొప్పున అంటూ పోతున్నాడు. నేను నా బడ్జెట్ పేజీలు పక్కన పెట్టుకుని ఆవులిస్తున్నాను. చివరి పేజీల్లో ఆపా చదివింది: “భాగస్వామి సంస్థ ఆమోదం: కల్బా క్లినిక్ ముదీర్, తన ఫోన్‌లోని డిజిటల్ సంతకం ద్వారా, శుక్రవారం ఉదయం.”

“అవును” అన్నాడు భార్గవ్.

ఆపా కళ్ళజోడు తీసేసింది. “శుక్రవారమా? కల్బాలోనా?”

“అవును ఆపా. ఇప్పుడు శుక్రవారం వర్కింగ్ డే గదా.”

“మనకి నాయనా! కల్బా షార్జా ఎమిరేట్ కింద కదా. షార్జా వాళ్ళకి శుక్రవారం కూడా సెలవే. శుక్ర, శని, ఆది మూడు రోజులూ మూసేస్తారు. వాళ్ళకి వారం ఇయ్యాళ్టితో ఆఖరు.”

భార్గవ్ ఉన్నపళంగా ముదీర్‌కి, అంటే ఆ క్లినిక్ మేనేజరుకి, ఫోన్ కొట్టాడు. మోగదు. మళ్ళీ కొట్టాడు. మోగదు. నా ఫోన్ నుంచి చేస్తే మోగింది గానీ ఎత్తలేదు. క్లినిక్ రిసెప్షన్‌లో అమ్మాయి చెప్పిన కబురు విని నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎవరో తన పేరు మీద పోర్టల్ నుంచి ‘ఆమోదించండి’ అని మెసేజీలు పంపుతున్నారనీ, ఫోన్‌లో ఓకే నొక్కమని ఓ భారతీయుడు వెంటపడుతున్నాడనీ, ఇదేదో బ్యాంకు ఖాతాలు దోచే ముఠా అనీ ముదీర్ అందరికీ చెప్పాడట. మా భార్గవ్ నంబరు బ్లాక్ చేశాడట!

“నేను ముఠానా మేడం?” అన్నాడు భార్గవ్. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. “ఇగ అయిపోయింది. ఏం చెయ్యాలె?”

ఆపా అప్పటికే దుపట్టా సర్దుకుని లేచింది. “చాముండీ, కారు తాళాలు తీసుకో. యల్లా!”

నాకు ఒళ్ళు మండింది. బల్ల నిండా ఇతర దరఖాస్తుల బడ్జెట్‌లు ఉన్నాయి. ఈ కుర్రాడు క్యాలెండర్ చూసుకోకపోతే నేను కొండలు దాటి కల్బా దాకా పోవాలా? ఆ మాటే అన్నాను. “అనుకో మే, దారిలో ఇంకా అనుకో. బండి మాత్రం బిన్నా నడుపు” అంది ఆపా. నడిపాను. నా ఖర్మ!

దారిలో ఆవిడ ఒకే ఒక్క ఫోన్ చేసింది, కల్బాలో ఉండే ఖుర్షీదాకి. ఆపా వాళ్ళు ఒకప్పుడు అద్దెకున్న దుకాణంలో ఇప్పుడు ఖుర్షీదా ఆడవాళ్ళు తొడిగే నల్లటి అబాయాలు కుట్టి అమ్ముతోంది. క్లినిక్‌కి సరిగ్గా ఎదురుగా ఉంటుంది ఆ దుకాణం. “ఖుర్షీదా, ముదీర్ బయటికొస్తే వదలబాక. ఖహ్వా పొయ్యి, ఖర్జూరాలు పెట్టు, నీ మొగుడి మోకాళ్ళ నొప్పి సంగతి చెప్పు. ఏదన్నా చెప్పు, నేను వచ్చేదాకా నిలబెట్టు” అంది. ఎర్రటి కొండల మధ్య నుంచి, సొరంగాలు దాటుకుంటూ కారు పోతుంటే వెనక సీట్లో భార్గవ్ మళ్ళీ మళ్ళీ ముదీర్ నంబరే కొడుతూ కూర్చున్నాడు. నేను మాత్రం సొరంగానికో తిట్టు చొప్పున తిడుతూనే ఉన్నాను.

మేం చేరేసరికి క్లినిక్ షట్టర్ సగం దిగి ఉంది. రోడ్డు మీద తెల్ల కందూరా తొడుక్కున్న ఓ పెద్దాయన కారులో కూర్చుని హారన్ కొడుతున్నాడు. ఆ కారు ముందు, బానెట్ మీద ఖహ్వా కాఫీ ఫ్లాస్కు పెట్టి, ఖుర్షీదా చేతులు చాచి నిలబడి ఉంది! “ఒక్క కప్పు, ఒక్క కప్పే!” అని అరబ్బీలో బతిమాలుతోంది. నా జన్మలో అంత ఆదరంగా దారి అడ్డగించడం నేను చూడలేదు.

మొత్తానికి ఆయన దుకాణంలోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. భార్గవ్‌ని చూడగానే కనుబొమలు ముడిచాడు. “రోజూ ఎవడో ఒకడు ఫోన్ చేసి ఓకే నొక్కమంటాడు. అందులో ఏముందో చెప్పడు. తెలియనిది నేనెందుకు నొక్కాలి?” అన్నాడు. ఆపా మాకు తెలుగులో చెప్పింది. చెప్పి, ఆయన వైపు తిరిగి ఏదో అంది. ఆయన ముఖం విప్పారింది.

“ఏమన్నారాపా?” అని అడిగాను.

“మీరు చేసిందే కరెక్టు, నేను కూడా అట్టా నొక్కను అన్నా.”

భార్గవ్ నోరు వెళ్ళబెట్టాడు. ఆపా కుట్టుమిషన్ బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి, కళ్ళజోడు తుడుచుకుంది. చూస్తే ఆవిడ మొదటి పేజీ తీసింది! చివరి పేజీ కాదు, మొదటి పేజీ. “ఆపా, ఆయన వెళ్ళిపోతాడు, ఫోన్ నొక్కించెయ్యండి ముందు!” అన్నాను. వినబడనట్టే అరబ్బీలో మొదలుపెట్టింది. వాక్యం, ఆగడం. “అయివా” అంటాడాయన, అంటే అవునని. వాక్యం, ఆగడం. “అయివా.” విచిత్రం ఏమిటంటే ఆయన గడియారం చూడటం మానేశాడు. ముందుకు వంగి కూర్చున్నాడు. పుట్టినప్పటి నుంచీ ఇలా చదివి వినిపించే మనిషి కోసమే చూస్తున్నట్టు శ్రద్ధగా విన్నాడు.

ఇక అంతా అయిపోతోంది అనుకుంటుండగా ఒక వాక్యం దగ్గర ఆయన చేయెత్తాడు. “లా” అన్నాడు. కాదు అని.

ఆ వాక్యం ఏమిటంటే, పరీక్షకు వచ్చిన పనివాళ్ళ పేర్లూ, వాళ్ళ కంపెనీల పేర్లూ నమోదు చేస్తామనీ, ఫలితాలను కంపెనీలకు తెలియజేస్తామనీ. కంపెనీలు నీడా నీళ్ళూ ఏర్పాటు చేస్తాయన్న మంచి ఉద్దేశంతోనే రాశాడు భార్గవ్. ముదీర్ నెమ్మదిగా చెప్పాడు, ఆపా మాకు చెప్పింది. ఇదే క్లినిక్‌కి వచ్చిన ఒకతని రక్తపరీక్ష రిపోర్టు ఎలాగో కఫీల్ చేతికి, అంటే అతనికి వీసా ఇచ్చిన యజమాని చేతికి చేరిందట. మందులు మొదలయ్యేలోపే ఇంటికి టికెట్ వచ్చిందట. ఆ తర్వాత అతనుండే లేబర్ క్యాంపు నుంచి చాలా రోజులు ఒక్కరూ రాలేదట. “పేర్లు కంపెనీలకు పోతాయంటే ఈ తలుపు ఎవరూ తొక్కరు. నేను నొక్కను” అన్నాడు.

ఆపా ముఖం చిన్నబోయింది. “పొద్దున ఈ వాక్యం నేనే చదివినా నాయనా. నువ్వు అవునన్నావు. నాకూ అది అవునన్నట్టే తోచింది” అంది భార్గవ్‌తో. సత్వా టైపింగ్ సెంటర్‌కి వచ్చిన ఆ కూలీ సంగతి చెప్పేటప్పుడు ఉండే ముఖమే అది.

భార్గవ్ తల పట్టుకున్నాడు. “ఆపా, కంపెనీలు కలిసొస్తయని రాసినందుకే దీనికి ఎక్కువ మార్కులుంటయి. అది తీసేస్తే మనది కిందికి పోతది. గ్రాంటు రాకపోవచ్చు.”

తీసెయ్యమనో ఉంచమనో ఆపా అనదు, నాకు తెలుసు. రాసేది ప్రొఫెసర్, ఆవిడ చదువుతుంది, అంతే. అతనికి భయం వేస్తోందని చూస్తేనే తెలుస్తోంది. నాకూ అతని మీద కోపం పోయి జాలి మొదలైంది. ఉద్యోగం పోతుందని తెలిసి ఎవరికి భయం వెయ్యదు? భార్గవ్ ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకున్నాడు.

“తీసేద్దాం. పేర్లొద్దు, కంపెనీలొద్దు. ఒక్కొక్కరికి ఒక నంబరు ఇస్తం, అంతే” అన్నాడు. అబాయా గుడ్డలు పక్కకు జరిపి అక్కడే కూర్చుని రాశాడు. ఆపా కొత్త వాక్యం చదివింది. ముదీర్ “అయివా” అన్నాడు. ఫోన్ తీసి, తనే పోర్టల్ నుంచి వచ్చిన మెసేజ్ వెతుక్కుని, వేలితో నొక్కాడు. పోతూ పోతూ భార్గవ్ నంబరు బ్లాక్ తీసేసి అతనికే చూపించాడు. ఖుర్షీదా ఆఖరికి ఆయన చేత ఆ ఖహ్వా తాగించింది.

నా పీడ విరగడైందనుకున్నాను. ఎక్కడ! దరఖాస్తు మారింది కాబట్టి శుక్రవారం పొద్దున మళ్ళీ మొదటి నుంచి చదవాలంది ఆపా. కంపెనీల సమావేశాలకు పెట్టిన పద్దు పోయింది గనక నేను బడ్జెట్ కూడా మార్చాల్సి వచ్చింది. దేశంలో ఉన్న యూనివర్సిటీలన్నీ ఆ పూటే పంపుతున్నట్టున్నాయి, పోర్టల్‌లో ఒక్కో పేజీ తెరుచుకోవడానికి ప్రాణం తీస్తోంది. స్క్రీన్ మీద ఆ గుండ్రం తిరుగుతూనే ఉంది. మధ్యాహ్నం దగ్గర పడుతోంది. ఆపా తాపీగా చదువుతోంది. భార్గవ్ చొక్కా చెమటతో తడిసింది. నేనిక ఉండబట్టలేకపోయాను.

“ఆపా, మీకు దండం పెడతాను! ముందు పంపండి, తర్వాత తీరిగ్గా చదువుకోండి! ఇతని బతుకు పోతుంది ఇక్కడ!” అని అరిచాను. కారిడార్‌లో పోయేవాళ్ళు ఆగి చూశారు.

ఆపా నా వైపు చూసింది. కోపం లేదు. “ఆలస్యమైతే నన్ను తిట్టు మే, పడతా. నిన్న ఒక వాక్యం చూసినావు కదా. అట్టాంటిది ఇంకొకటి మిగిలిపొయ్యి, రేపు ఎవడికో టికెట్ కొడితే అప్పుడు ఎవర్ని తిడతావు?” అంది. నోరు మూసుకుని నా బడ్జెట్ పేజీలు ఇచ్చాను. చదివింది, అడిగింది. “చూశాను కదా” అన్నాను, ఈసారి మెల్లగా.

చివరి వాక్యం చదివింది. భార్గవ్ స్క్రీన్ వైపే చూస్తూ “అవును” అని గొణిగాడు. “ఏందీ? వినపడలా” అంది. “అవును ఆపా!” అని గట్టిగా అన్నాడు. అప్పుడు బిస్మిల్లా అని బటన్ నొక్కింది. గుండ్రం తిరిగింది. తిరిగింది. చేరినట్టు పచ్చటి గీత వచ్చింది. పోర్టల్ మూసుకోవడానికి ఎంత మిగిలిందో నేను చూడలేదు, చూస్తే ఆసుపత్రిలో చేరేదాన్ని. ఆపా కళ్ళజోడు మడిచి, జుమా నమాజుకు వేళయిందని లేచి వెళ్ళిపోయింది.

గ్రాంటు వచ్చింది. మార్కులు ఒకచోట తగ్గాయి, భార్గవ్ భయపడినట్టే. ఇంకెక్కడో పెరిగాయట. అతని కాంట్రాక్టు నిలబడింది. ఉత్తరం వచ్చిన రోజు అతను పరుగెత్తుకుంటూ వచ్చి ఆపాను ఎదురుగా కూర్చోబెట్టి మొత్తం పైకి చదివి వినిపించాడు. వాక్య వాక్యానికీ ఆపా “అవును” అంటూ, మధ్యలో ముక్కు తుడుచుకుంటూ విన్నది. కానీ నేను చెప్పదలచుకున్న రోజు అది కాదు.

మరుసటి ఎండాకాలం కల్బాలో పరీక్షలు మొదలుపెట్టారు. మొదటి రోజు చూసి రావాలని ఆపా సెలవు పెట్టింది. కారు నాదే, చెప్పేదేముంది. క్లినిక్ గుమ్మం దగ్గర పదిమంది దాకా పనివాళ్ళు నిలబడి ఉన్నారు. లోపలికి రారు, వెనక్కి పోరు. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. వాళ్ళలో ఒకతను మాత్రం లోపలికొచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. పేరు యాసీన్, రాయచోటి మనిషి, కట్టడాల్లో ఇనుప కడ్డీలు కట్టే పని. చేతుల నిండా గీతలు.

భార్గవ్ అంగీకార పత్రం తీశాడు. సంతకం ఎక్కడ పెట్టాలో చూపిస్తాడనుకున్నాను. చూపించలేదు. కళ్ళజోడు లేదు గానీ, ఉంటే తుడుచుకునేవాడే. పైకి చదవడం మొదలుపెట్టాడు, తెలుగులో, వాక్యం వాక్యంగా. “రక్తం కొంచెం తీస్తం. అవునా?”

“అవును సార్.”

“నొప్పైతే మధ్యలో వద్దనొచ్చు. అవునా?”

యాసీన్ తల ఊపాడు. “అట్ల కాదు భాయ్, నోటితోని చెప్పాలె” అన్నాడు భార్గవ్. బెంచీ మీద నా పక్కనున్న ఆపా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“అవును” అన్నాడు యాసీన్.

“నీ పేరు ఎక్కడా రాయం. ఒక నంబరు మాత్రమే రాస్తం. నీ కంపెనీకి గానీ, కఫీల్‌కి గానీ ఏ ముచ్చటా పోదు. అవునా?”

యాసీన్ ఆ కాగితం వైపు వంగాడు.

“మళ్లా చదువు సార్” అన్నాడు.

భార్గవ్ మళ్ళీ చదివాడు, అదే నిదానంతో.

“ఇంగొక్కసారి.”

మూడోసారీ చదివాడు. విసుగు లేదు, తొందర లేదు. యాసీన్ అతని ముఖంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత “అవును” అని, చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి బల్ల మీద పెట్టాడు. గుమ్మం వైపు తిరిగి, “రాండప్పా, పేరు రాయరంట. మూడుసార్లు చెప్పించినా. రాండి” అని పిలిచాడు. ఒకరి వెనక ఒకరుగా అందరూ లోపలికొచ్చారు.

నాకు ఏడుపు ఆగలేదు. తల తిప్పుకుందామంటే ఆపా ఆ పక్కనే ఉంది. ఆవిడ కళ్ళూ తడిగానే ఉన్నాయి గానీ, నన్ను ఏడిపించే అవకాశం వదులుకుంటుందా? నా చెవి దగ్గరికి వంగి, దరఖాస్తు చదివే గొంతుతోనే అడిగింది.

“చాముండేశ్వరి ఏడుస్తా ఉండాది. అవునా, కాదా?”

“అవును ఆపా” అన్నాను. “అవును.”